బ్యాంకులో మాఫీ అడిగిన మాసూమా

మా బోధన్ బజారులో నా మ్యాచింగ్ సెంటరుకూ మాసూమా మగ్గం షాపుకూ మధ్య అడ్డంగా ఉన్నది ఒక్క ప్లైవుడ్ చెక్క. అటు ఆమె తుమ్మితే ఇటు నేను చిరంజీవ అంటాను. కాబట్టి ఆమె సంగతి చెప్పే హక్కు అందరికన్నా నాకే ఎక్కువని నా అభిప్రాయం. ఎవరికైనా అభ్యంతరం ఉంటే పుష్పలత కొట్టు ఎక్కడని అడిగి రావచ్చు, నేను పొద్దున్నుంచీ కొట్లోనే ఉంటాను.

మాసూమాకు నలభై దాటాయి. దాటినట్టు ఆమె ఒప్పుకోదు. వాళ్ల తండ్రి ఈ ఊళ్లోనే పెళ్లి షేర్వానీల మీద జరీ పని చేసేవాడు. కూతురు పెళ్లికూతుళ్ల జాకెట్ల మీద చేస్తుంది. మగ్గానికి గుడ్డ బిగించి కూర్చుందంటే చేతులూ ఆగవు, నోరూ ఆగదు. ఎవరింట్లో సంబంధం కుదిరింది, ఎవరి జాకెట్ చేతులు విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చింది, అన్నీ ఆ చెక్క దాటి నా చెవిలో పడాల్సిందే. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. నేనూ తక్కువదాన్నేం కాదు గానీ, నా దగ్గర రహస్యం కనీసం సాయంత్రం దాకా ఆగుతుంది.

భర్త రఫీక్ దానికి పూర్తిగా ఉల్టా. చెరుకు తోటల్లో కాలిపోయిన మోటార్లు తెచ్చి, రాగి తీగ చుట్టి మళ్లీ తిరిగేలా చేస్తాడు. ఏదైనా అడిగితే ముందు తల ఊపుతాడు, ఆ తర్వాత ఆలోచిస్తాడు, ఆ తర్వాత చాలాసార్లు ఏమీ అనడు. పిల్లలు లేరు. ఆ సంగతి వాళ్లిద్దరూ ఎన్నడూ పెద్దది చేసుకోలేదు, చుట్టాలే చేశారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటారు. జగడమై నన్ను తీర్పుకు పిలిచిన రోజు మాత్రం ఇద్దరూ తెలుగులోకి దిగుతారు.

ఇక మాసూమా పీపీఎఫ్ ఖాతా. ఖాతా అంటే ఖాతా కాదు, ఇంట్లో మూడో మనిషి. షాపు పెట్టిన కొత్తలో బ్యాంకులో ఎవరో చెబితే తెరిచింది. ఏటా కొంత కడుతూ పోవాలి, పదిహేనేళ్లు నిండేదాకా దాని జోలికి పోకూడదు, చివర్లో వచ్చేదాని మీద పన్ను ఉండదు. ఆ చివరి మాటకే మాసూమా పడిపోయింది. నిజానికి పన్ను కట్టేంత సంపాదన ఆమెకు ఏ ఏడూ రాలేదు. అయినా పన్నువాళ్లు కూడా ముట్టుకోలేని సొమ్ము తనకు ఒకటుందని చెప్పుకోవడంలో ఆమెకొక దర్జా. తమ మతం ప్రకారం వడ్డీ తీసుకోవచ్చా, కూడదా అన్న వాదన వాళ్లింట్లో మొదటి ఏడే నడిచి ముగిసింది. అందులో నేను తలదూర్చలేదు, ఇప్పుడూ దూర్చను.

ఆ సొమ్ముతో ఏం చేయాలో కూడా ఎప్పుడో తేలిపోయింది. ఒక కార్ఖానా. గొప్పదేం కాదు. మంచి వెలుతురొచ్చే పెద్ద గది, నాలుగు మగ్గాలు, వాటి దగ్గర కూర్చుని పని నేర్చుకునే ఆడపిల్లలు, గుమ్మం పైన మాసూమా పేరుతో బోర్డు. బోర్డు రంగు గురించే ఆమె నాతో ఎన్నిసార్లు పోట్లాడిందో చెప్పలేను. నేను మెరూన్ అంటాను, ఆమె చిలకాకుపచ్చ అంటుంది. ఖాతా నిండడానికి ఇంకో మూడేళ్లు ఉందనగా వచ్చి పడింది మస్కట్ సంగతి.

దానికి కారణం ఒక జాకెట్. పక్కనే ఎడపల్లిలో బ్రహ్మానందం గారని చెరుకు రైతు. వాళ్ల పెద్దలు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొని స్థిరపడ్డారు. ఆయన కూతురు సాహిత్య పెళ్లికి నెమళ్లూ వద్దు, ఏనుగులూ వద్దు అంది. వాళ్ల తోటలో చలికాలం గాలికి ఊగే చెరుకు పూత కావాలంది. మాసూమాకు పిచ్చి పట్టినంత సంబరం. వెండి జరీతో, బూడిద రంగు పట్టు దారంతో జాకెట్ వీపు నిండా చెరుకు పూత పూయించింది. చూసిన సాహిత్య తల్లి నాగేంద్రమ్మ గారు మండిపడ్డారు. చెరుకు పూసిందంటే గడలో తీపి తగ్గిపోతున్నట్టు లెక్క, ఏ రైతూ పూత రావాలని కోరుకోడు, అలాంటిది పెళ్లికూతురి వీపున పెడతావా అని షాపులోనే నిలదీశారు. మాసూమా ఊరుకుంటుందా. తీపి తగ్గితే తగ్గనీ, పెళ్లికూతురికి చక్కెర జబ్బు రాకుండా ఉంటుందని అనేసింది. నాగేంద్రమ్మ గారు ఆ తర్వాత బజారుకు వస్తే మా షాపుల ముందు నుంచి కాకుండా అవతలి వైపు నుంచి నడిచేవారు.

ఆ జాకెట్ ఫోటో ఎవరి ఫోన్ నుంచి ఎవరి ఫోన్‌కు పోయిందో గానీ, మస్కట్‌లో పెళ్లి బట్టల షాపు నడిపే ఒకావిడ కంట పడింది. వీడియో కాల్ చేసింది. రెండేళ్ల కాంట్రాక్టు, మగ్గం సెక్షన్ అంతా నువ్వే చూసుకోవాలి, వీసా, టికెట్టు, ఉండే గది మావే అంది. మాసూమా ఫోన్ పెట్టేసి చెక్క మీద దబదబా బాదింది. నేను వెళ్లేసరికి మగ్గం చుట్టూ తిరుగుతోంది. కాళ్లు నేల మీద లేవు. ఒకసారి నవ్వుతుంది, ఒకసారి కూర్చుంటుంది, మళ్లీ లేస్తుంది. నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. నా బరువు సంగతి తెలిసిన వాళ్లకు అదెంత పెద్ద విషయమో అర్థమవుతుంది.

ఇక ఊరంతా చాటింపే. ఇన్నాళ్లూ మా వైపు నుంచి గల్ఫ్‌కు మగవాళ్లు పోతుంటే ఆడవాళ్లు బస్టాండుకు వెళ్లి సాగనంపేవారు. ఇప్పుడు పెళ్లాం పోతుంటే మొగుడు సాగనంపుతాడట. ఆ ముక్క చెప్పడానికి ఆమె కూరగాయల బండి దగ్గర ఆగింది, మందుల షాపులో ఆగింది, నిజామాబాద్ బస్సులో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషికి ఆర్మూర్ వాళ్లా అని అడిగి మరీ చెప్పింది. సూట్‌కేసు కొని, అందులో పెట్టడానికింకా ఏమీ లేకపోయినా షాపుకు తెచ్చి, చక్రాల మీద అటూ ఇటూ నడిపించి చూపించింది. ఆ రోజుల్లో మా ఇద్దరి షాపుల్లోనూ వ్యాపారం గుండుసున్నా.

రఫీక్ అన్నగారు అతీఖ్ దమ్మామ్‌లో చాలా కాలం పనిచేసి వచ్చిన మనిషి. గల్ఫ్ విషయాల్లో ఆయన మాటే చట్టం. ఆయన ఒక ఆదివారం వచ్చి, చాయ్ తాగి, అన్నీ విని, ఒకే ఒక్క హెచ్చరిక చేశాడు. పోతున్నట్టు బ్యాంకులో మాత్రం చెప్పొద్దు. చెబితే నువ్వు ఈ దేశంలో లేవని రాసుకుంటారు, పన్ను లేని ఖాతా ఊడబెరికేస్తారు, నీ కార్ఖానా గంగలో కలుస్తుంది అన్నాడు. తాను చెప్పలేదట. తనతో పోయిన వాళ్లెవరూ చెప్పలేదట. మా వైపు ఎవరూ ఊరు వదిలిపోయామని అనుకోరు, పనికి పోయామనుకుంటారు, అంతే. ఏళ్లకేళ్లు అక్కడే ఉన్నా బ్యాంకులో ఇంటి అడ్రస్ అదే, ఖాతా అదే. నేనూ గట్టిగా అవునన్నాను. నాకు తెలిసిన వాళ్లంతా అలాగే చేశారు మరి.

పోతూ పోతూ అతీఖ్ నవ్వుతూ మరో మాట అన్నాడు. ఇక్కడ ఏదో ఒకటి ఉన్నవాళ్లే గల్ఫ్ నుంచి వాపస్ వస్తారని, ఏమీ లేనివాళ్లు అక్కడే పాతుకుపోతారని. అందరం నవ్వాం. రఫీక్ నవ్వలేదు. ఆ రోజు నుంచి ఖాతా విషయంలో ఆయన గట్టిగా నిలబడ్డాడు. ఏ సంగతీ పట్టించుకోని మనిషి, రోజుకోసారి ఆమెతో ఒట్టు వేయించుకునేవాడు, బ్యాంకులో నోరు విప్పనని. నాకు సంగతి అర్థమైంది. ఆయనకు కార్ఖానా పోతుందన్న భయం లేదు. ఈమె రాదేమోనన్న భయం. ఆ మాట నోటితో అనడానికి ఆయన రఫీక్ కాకపోవాలి.

ఒట్టయితే వేసింది గానీ, అడ్డంగా ఒక ఆచారం ఉంది. వాళ్లలో దూర ప్రయాణం పెట్టుకున్నవాళ్లు అయినవాళ్లందరి దగ్గరికీ వెళ్లి "కహా సునా మాఫ్ కర్నా" అని అడుగుతారు. ఎప్పుడైనా ఒక మాట అని ఉంటే, మనసు నొప్పించి ఉంటే మన్నించమని. హజ్‌కు పోయేవాళ్లు తప్పకుండా అడుగుతారు. గల్ఫ్‌కు పోయేవాళ్లు ఇంట్లో వాళ్లతో, పక్కింటివాళ్లతో సరిపెడతారు. మాసూమాకు సరిపెట్టడం ఏ విషయంలోనూ రాదు. పైగా ఆమె ఈ ఊళ్లో అన్న మాటలు తక్కువా. రఫీక్ టీవీఎస్ మీద వెనక కూర్చుని ఊరేగింపు మొదలుపెట్టింది. షాపుకు తాళం వేసి నేను ఆటోలో వెంట పడ్డాను. అలాంటి తమాషా మళ్లీ దొరకదు.

పాలు పోసే హన్మవ్వ దగ్గర మొదలైంది. పాలలో నీళ్లు కలుపుతున్నావని మాసూమా ఒకప్పుడు ఆమెను వాకిట్లోనే కడిగేసింది. ఇప్పుడు పోయి, అవ్వా, నా మాట మనసులో పెట్టుకోకు, నేను దేశం దాటిపోతున్నా అంది. హన్మవ్వ కళ్లనిండా నీళ్లు పెట్టుకుని ఆమె బుగ్గలు పుణికింది. ఆ ఊపులో, నీళ్లు కలిపింది నిజమేనని, ఇంత దూరం వచ్చి అడిగినదానికి అబద్ధం చెప్పబుద్ధి కావడం లేదని అంది. మాసూమాకు కోపం రావాలి, నవ్వొచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని గేదె పక్కన నవ్వీ నవ్వీ కూలబడ్డారు. గేదె లేచి అవతలికి పోయింది.

ఎడపల్లిలో నాగేంద్రమ్మ గారింటి ముందు మాత్రం మాసూమా చీర కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుంది. ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. మన్నించడానికి నాదేముందమ్మా, మా పిల్ల కాపురం బ్రహ్మాండంగా ఉంది, ఆ పూత మమ్మల్నేం చేయలేదు, నిన్నే విమానం ఎక్కిస్తోంది అన్నారు. ఆ తర్వాత లోపలికి పోయి ఆవకాయ జాడీ తెచ్చి చేతిలో పెట్టి, మస్కట్ దాకా కారకుండా ఎలా కట్టాలో అరగంట చెప్పారు. తిరిగి వచ్చేటప్పుడు జాడీ ఒళ్లో పెట్టుకుని నేనే ఆటోలో కూర్చున్నాను.

జరీ అమ్మే ఆత్మారాం దగ్గర మరాఠీలో, మసీదు వెనక సందులో ఉర్దూలో, మా వీధిలో తెలుగులో, వారమంతా ఆమెకు మాఫీలే మాఫీలు. ఎక్కడికి పోయినా చాయ్, మిఠాయి. ఊళ్లో ఎవరి మొహం చూసినా నవ్వే. నేను కూడా మా తోడికోడలితో మాట్లాడదామా అనుకునేంత దూరం వెళ్లాను, సమయానికి తమాయించుకున్నాను.

చివరికి ఒక్కరు మిగిలారు. బ్యాంకులో చక్రవర్తి గారు. ఒకసారి సర్వర్ పనిచేయడం లేదని ఆయన పొద్దంతా కూర్చోబెడితే, నీ కంప్యూటర్ కన్నా మా కుట్టు మిషను నయం, కరెంటు లేకున్నా నడుస్తుందని మాసూమా హాలంతా వినేలా అంది. జనం పగలబడి నవ్వారు. ఆయన మొహం ఎర్రబడిపోయింది. అది తలుచుకుని ఇప్పుడు ఈమెకు అన్నం సహించడం లేదు. రఫీక్ కుదరదన్నాడు. ఎక్కడైనా అడుగు, అక్కడ మాత్రం వద్దు అన్నాడు. ఆ ఒక్కటీ మెడలో వేసుకుని విమానం ఎక్కలేనని ఈమె. తీర్పుకు నన్ను పిలిచారు. నేను చాలా తెలివైన తీర్పు చెప్పాను. పోవాలి, మాఫీ అడగాలి, ఎందుకని అడిగితే మాత్రం ఊరికేనని చెప్పి వచ్చేయాలి. కాపలాకు నేనూ వస్తాను.

బ్యాంకులో జనం బాగానే ఉన్నారు. టేబుల్ పక్క కుర్చీలో నేను కూర్చున్నాను, వెంట వచ్చిన రఫీక్ ఇంకో కుర్చీ పక్కన నిలబడ్డాడు. చక్రవర్తి గారి టేబుల్ ముందు మాసూమా చేతులు జోడించి, సార్, మాఫీ కావాలె అంది. ఆయన కళ్లద్దాల మీదుగా చూసి, మీకు లోను లేదు కదండీ అన్నారు. అది కాదని, కుట్టు మిషను మాట గుర్తుచేసి, మన్నించమని అడిగింది. ఆయన ఫక్కున నవ్వారు. ఆ మాట ఆ సాయంత్రానికే తమ ఇంటికి చేరిందట. ఇప్పటికీ ఇంట్లో బల్బు మార్చడం ఆలస్యమైతే ఆయన భార్య కుట్టు మిషనే నయం అంటుందట. మన్నించేశానమ్మా, మనసులో ఏమీ లేదు అన్నారు. రఫీక్ ఊపిరి పీల్చుకున్నాడు. నేను లేవబోయాను. అప్పుడు ఆయన మర్యాదకు అడిగినట్టు అడిగారు, ఇంతకీ ఎక్కడికైనా వెళ్తున్నారా అని.

రఫీక్ దగ్గాడు. నేను ఆమె మోచెయ్యి గిల్లాను. మాసూమా పెదవులు బిగపట్టింది. ఆమె మొహంలో అంత కష్టం నేనెన్నడూ చూడలేదు. రఫీక్ వైపు చూసింది, నా వైపు చూసింది, చక్రవర్తి గారి వైపు తిరిగింది.

"మాఫీ అడిగి గా మనిషితోనే అబద్ధమాడితే గా మాఫీ చెల్లదు సార్. మస్కట్ పోతున్న. రెండేండ్ల పని. నా పన్ను లేని ఖాతా పోతదని ఎవ్వరికీ చెప్పొద్దన్నరు. చెప్పిన. ఇగ మీ ఇష్టం."

రఫీక్ కుర్చీలో కూలబడ్డాడు. నా కళ్ల ముందే చిలకాకుపచ్చ బోర్డు కిందికి దిగిపోతున్నట్టు అనిపించింది. చక్రవర్తి గారేమో, ఖాతా పోతుందని ఎవరన్నారమ్మా అని అడిగి, ఒక కుర్చీ లాగి ఆమెను కూర్చోమన్నారు. ఇక్కడ ఉన్నప్పుడు తెరిచిన పీపీఎఫ్‌ను పరదేశం పోయినంత మాత్రాన ఎవరూ లాక్కోరట. నిండేదాకా నడుస్తుంది, ఏటా కట్టుకోవచ్చు, ఇక్కడ దాని మీద పన్నూ ఉండదు. మామూలు సేవింగ్స్ ఖాతాను మాత్రం విదేశంలో ఉండేవాళ్ల ఖాతాగా మార్చుకోవాలి, దానికొక ఫారం ఉంది. చెప్పకుండా పోతేనే తర్వాత చిక్కు. ఒకటే తేడా. పదిహేనేళ్లు నిండాక ఇక్కడుండేవాళ్లు అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు, అక్కడుండేవాళ్లకు ఆ వీలు లేదు. అప్పటికి తిరిగొచ్చి ఇక్కడే ఉంటే సరే, లేకపోతే తీసేసుకోవాలి. కాదు, ఇప్పుడే మూసేస్తానన్నా వీలుంది, వడ్డీ కాస్త తగ్గించి ఇస్తారు. నడపమంటారా, మూయమంటారా, మీరే చెప్పండి అన్నారు.

నేను గట్టిగా చప్పట్లు కొట్టేశాను. టోకెన్లు పట్టుకుని కూర్చున్న జనమంతా ఇటు తిరిగారు. అతీఖ్ చట్టం ఎటుపోయిందో తెలియదు, కార్ఖానా ఎక్కడికీ పోలేదు. మాసూమా రెండు చేతులతో నోరు మూసుకుని నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది, మళ్లీ నవ్వుతోంది. ఇక నడపండి సార్ అని ఆమె అనడమే తరువాయి.

"బంద్ చేయుండ్రి సార్," అన్నాడు రఫీక్.

అందరం ఆయన వైపు చూశాం. రోజుకోసారి ఒట్టు వేయించుకున్న మనిషి. లేచి నిలబడ్డాడు. రాగి తీగ గీతలు పడ్డ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కుర్చీ వీపును పట్టుకున్నాడు.

"గీ ఖాతా ఈడ ఉన్నదని ఆమె వాపస్ రావద్దు," అన్నాడు. "నేనున్ననని రావాలె."

గట్టిగా కూడా అనలేదు. అయినా క్యాషియర్ నోట్లు లెక్కపెట్టడం ఆపేశాడు. నాకు ముక్కు ఎగబీల్చాల్సి వచ్చింది, కోపం కూడా వచ్చింది. ఈ మాట రెండు నెలల ముందే ఇంట్లో అని ఉంటే ఏం పోయింది. మాసూమా వైపు చూశాను. మా చెక్క అవతల ఇన్నేళ్లుగా ఒక్క నిమిషం ఆగని నోరు, తెరుచుకుని అలాగే ఉండిపోయింది. చక్రవర్తి గారు మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపారు.

తాగింది. కొంగుతో మొహం తుడుచుకుంది. చక్రవర్తి గారితోనే, రఫీక్ వైపు చూడకుండా, మెల్లగా అంది.

"నడవనియ్యుండ్రి సార్. ఖాతా దాని పని అది చేస్తది. నేను ఈయన కోసమే వస్త."

చక్రవర్తి గారు ఫారం తీసి, తన జేబులోని పెన్ను ఇచ్చారు. ఫ్యాను గాలికి కాగితం లేస్తుంటే రఫీక్ వంగి అది కదలకుండా చేత్తో పట్టుకున్నాడు. ఆమె సంతకం అయిపోయాక కూడా ఆ చెయ్యి తీయలేదు.